చీమలు మోసుకెళ్లే గింజలు: తింటున్నాయా, నాటుతున్నాయా?

మీ ప్రశ్నలో నిజానికి రెండు మూడు ప్రశ్నలున్నాయి. హన్మకొండలో మీ ఇంటి పెరట్లో ఎవరూ వేయకుండానే ప్రహరీ వెంట ఆముదం మొలకలు వరుసగా లేచాయి. అదే గోడ పక్కన గండుచీమలు ఆముదం గింజలు లాక్కుపోవడం చూశారు. అమెరికా అడవుల్లో పూలమొక్కల గింజలను చీమలే నాటుతాయని మీ అమ్మాయి స్కూలు పాఠంలో ఉందట, అలాంటిది మన వైపూ జరుగుతుందా అని అడిగారు. చివర్లో, చీమల మందు చల్లమంటారా అన్నారు.

ముందు పొట్టి జవాబు. ఆ చీమలు తింటున్నది గింజను కాదు, గింజ కొసన ఉన్న బొడిపెను. నాటాలన్న ఆలోచన వాటికి ఏ కోశానా లేదు. బొడిపె అయిపోయాక మిగిలిన గింజను పారేస్తాయి, ఆ పారేసిన చోటు మొక్కకు కలిసొస్తుంది, అంతే. మన వైపు కూడా ఇది జరుగుతుంది. మందు చల్లనక్కర్లేదు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ పిల్లల్ని పాకాల, తాడ్వాయి అడవుల్లో తిప్పినవాణ్ని కాబట్టి ఇక్కడితో ఆపబుద్ధి కావడం లేదు. ఓపిక ఉంటే మిగతాదీ చదవండి.

ఒక ఆముదం గింజను చేతిలోకి తీసుకొని చూడండి. నున్నటి మచ్చల పెంకు, ఒక కొసన తెల్లటి మెత్తటి బొడిపె. గోటితో గీకితే ఊడి వస్తుంది. దీన్ని మా పుస్తకాల్లో కారంకిల్ అంటారు. చీమలను రప్పించడానికి గింజకు అంటుకొని ఉండే ఇలాంటి కండకు, అది గింజలో ఏ భాగం నుంచి పుట్టినా సరే, ఎలయోసోమ్ అని ఉమ్మడి పేరు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త రుట్గర్ సెర్నాండర్ 1906లో యూరప్ మొక్కల మీద రాసిన పెద్ద గ్రంథంతో ఈ విషయం ఒక శాస్త్రంగా నిలబడింది. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పటి లెక్కల ప్రకారం 77 కుటుంబాలకు చెందిన 11,000కు పైగా రకాల పూలమొక్కలు ఈ పద్ధతి మీద ఆధారపడుతున్నాయి. ఇవన్నీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి కావు. ఈ ఏర్పాటు కనీసం వంద సార్లు విడివిడిగా పుట్టింది. అంటే తక్కువ ఖర్చుతో పని జరిగే మార్గం కాబట్టే ఇన్ని మొక్కలు వేర్వేరుగా ఇదే దారికి వచ్చాయి.

ఆముదం ఈ పనిని రెండు అంచెల్లో చేస్తుంది. ఎండలకు కాయ ఆరి టప్పున పగిలి మూడు గింజలనూ విసిరేస్తుంది. (చేలో వేసే రకాల్లో కాయలు అంత సులువుగా పగలవు, రైతుకు నష్టం కాబట్టి అలా పగలని వాటినే ఎంచుకుంటూ వచ్చారు. పెరళ్లలో, రోడ్ల పక్కన దానంతటదే పెరిగే ఆముదంలో ఈ గుణం బాగా కనిపిస్తుంది.) ఆ తర్వాతి అంచె చీమలది. ఆముదం గింజ పెంకు నున్నగా ఉంటుంది, చీమ దవడలకు పట్టు దొరకదు. బొడిపె అటు తిండీ, ఇటు పట్టుకోవడానికి పిడీ. చీమ దాన్ని పట్టుకొని వెనక్కి నడుస్తూ లాక్కెళుతుంది. గూట్లో ఆ కండ చాలావరకు పిల్లచీమలకు, అంటే లార్వాలకు, పోతుంది. గింజ లోపల ఏముందో తెలుసు కదా, రిసిన్ అనే విషం. పైన గట్టి పెంకు. కాబట్టి చీమ దాని జోలికి పోదు. లోపల విషం పెట్టి దాచుకున్నది బయట మాత్రం తినమని ఎర కట్టింది. నాకు ఆముదం మీద గౌరవం కలిగేది ఇక్కడే.

తినగా మిగిలిన గింజను చీమలు గూట్లోనే వాడని గదిలో వదిలేస్తాయి, లేదా బయటికి తెచ్చి చెత్త పోసేచోట పారేస్తాయి. గూడంటే పుట్ట అనుకోకండి, పుట్టలు కట్టేది చెదలు. గండుచీమల గూటికి పైకి కనిపించేది ఒక కన్నం, దాని చుట్టూ మట్టి రవ్వలు. మీ ఇంట్లో ఆ గూడు గోడ పునాది కింద ఉండి ఉంటుంది. గోడ వారనే దారి, దారిలో కొన్ని గింజలు జారిపోతాయి, కొన్ని కన్నం దగ్గర పోగవుతాయి. మీ వరుసకు ఇది మంచి వివరణే. అయితే వాన నీళ్లు కూడా ఆ గోడవైపే పారుతుంటే గింజలు కొట్టుకొచ్చి అక్కడ చేరే అవకాశం ఉంది. మొలకలు చీమల కన్నాల చుట్టూ గుంపుగా ఉన్నాయా, వాలు వెంట సమంగా ఉన్నాయా అని చూడండి. మొదటిదైతే చీమల పని, రెండోదైతే నీళ్ల పని.

ఇంతకీ చీమకు ఆ బొడిపె తిండి అని ఎలా తెలుస్తుంది? వాసనతో. అందులోని కొవ్వుల్లో ఓలియిక్ ఆమ్లం, దాని నుంచి తయారయ్యే డయోలిన్ లాంటివి ఉంటాయి. చచ్చిన పురుగుల ఒంట్లోనూ ఇలాంటి కొవ్వులే ఉంటాయి. గింజలో ఉండే నూనె కన్నా ఈ బొడిపెలోని కొవ్వు పురుగు మాంసానికే దగ్గరగా ఉంటుందని రసాయన పరీక్షల్లో తేలింది. అందుకే గింజలు తినే చీమలే కాదు, పురుగుల్ని వేటాడే చీమలు కూడా దీన్ని మోస్తాయి. వాటి దృష్టిలో అది గింజే కాదు, దొరికిన పురుగు. ఇంకో వింత ఉంది. 1958లో అమెరికా చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్, ఆయన సహచరులు చీమలు తోటి చీమ చనిపోయిందని గుర్తుపట్టేది ఓలియిక్ ఆమ్లం వాసనతోనే అని చూపించారు. బతికున్న చీమకు అది పూస్తే మిగతావి దాన్ని ఎత్తుకెళ్లి చెత్తలో పడేశాయి, అది కాళ్లు కొట్టుకుంటున్నా సరే. చీమల లోకంలో వాసన చెప్పిందే మాట. మొక్కలు ఆ సంగతిని వాడుకున్నాయి. మొక్కలే కాదు, ఎండుపుల్లలా కనిపించే పుల్లపురుగులు కొన్ని పెట్టే గుడ్లకు కూడా ఇలాంటి కొవ్వు టోపీ ఉంటుంది. చీమలు ఆ గుడ్లనూ గూటికి మోసుకెళ్లి, టోపీ తిని, గుడ్డును వదిలేస్తాయి.

అన్ని చీమలూ ఒకటి కాదు. ఇది చాలామంది పట్టించుకోరు. గింజను ఎత్తి మోయగలిగినంత పెద్ద చీమలు ఒక రకం. మన గండుచీమలు అలాంటివి. చిన్న చీమలు ఆముదం గింజను కదపలేవు. గుంపుగా చేరి బొడిపెను అక్కడికక్కడే కొరుక్కుతిని పోతాయి, గింజ చెట్టు కిందే ఉండిపోతుంది. మొక్క కోణంలో చూస్తే ఇవి కూలి తీసుకొని పని ఎగ్గొట్టినవి. మూడో రకం అసలు గింజలనే తినేవి. కోతలయ్యాక చెలకల్లో కన్నం చుట్టూ గడ్డిగింజల పొట్టు గుండ్రంగా పోసి ఉండడం చూసే ఉంటారు. అవి ధాన్యం చీమలు. వానకు తడిసిన గింజలను బయటికి తెచ్చి ఎండబెట్టి మళ్లీ లోపలికి మోసుకుపోతాయి. 1830లలోనే పుణె దగ్గర సైక్స్ అనే ఆంగ్ల అధికారి దీన్ని చూసి రాశాడు. ఇవి మోసిన గింజల్లో ఎక్కువ భాగం వాటి నోట్లోకే పోతుంది, ఎక్కడో జారిపడిన కొన్ని మొలకెత్తుతాయి. కాబట్టి చీమ గింజ మోస్తోంది అనగానే మొక్కకు మేలు జరుగుతోందని తేల్చేయకండి. ఏ చీమ, ఏ గింజ, బొడిపె పోయాక గింజ పగలకుండా ఉందా అన్నది చూడాలి.

ఇక మీ అమ్మాయి పాఠం సంగతి. అది నిజమే. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో చలికాలం పోగానే, చెట్లకు ఆకులు రాకముందే, నేల మీద వెలుతురు పడే ఆ కొద్ది వారాల్లో పూసే చిన్న మొక్కలు చాలా ఉన్నాయి. ట్రిలియం, బ్లడ్‌రూట్, వయొలెట్లు, వైల్డ్ జింజర్ అలాంటివే. (చివరిది పేరుకే జింజర్, మన అల్లానికి చుట్టం కాదు.) అక్కడి అడవుల్లో నేలమట్టపు మొక్కల్లో మూడో వంతు దాకా చీమలను నమ్ముకున్నవే. ఆ పనిలో ఎక్కువ భాగం అఫినోగాస్టర్ అనే ఒక్క చీమజాతి మీదే నడుస్తుంది. ట్రిలియం గింజ పడ్డాక మొదటి పువ్వు పూయడానికి ఏడేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. అంత నిదానంగా పెరిగే మొక్కకు పిల్ల దశలో తినేవాళ్ల కంట పడకుండా ఉండటం ముఖ్యం. ఎలుకలు గింజల కోసం రాత్రంతా వెతుకుతాయి. పగలే చీమ ఎత్తుకెళ్లి మట్టి కిందికి చేర్చిన గింజ ఆ గండం దాటుతుంది.

చీమ ఎంత దూరం మోస్తుందని పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. ప్రపంచవ్యాప్తంగా కొలిచిన సగటు ఒకటి రెండు మీటర్లు మాత్రమే. అరుదుగా 180 మీటర్ల దాకా వెళ్లిన లెక్కా ఉంది, అది ఆస్ట్రేలియాలో. ఈ మీటరు, రెండు మీటర్లు విని నిరుత్సాహపడకండి. తల్లి మొక్క నీడలోంచి, పోటీలోంచి బయటపడటానికి అది చాలు. దూరం కన్నా చోటు ముఖ్యం. కానీ దీని వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది, నాకు చాలా ఇష్టమైన చిక్కు. హిమయుగంలో అమెరికా ఉత్తర భాగమంతా మంచు కింద ఉంది. మంచు కరిగాక, గడిచిన 16,000 ఏళ్లలో వైల్డ్ జింజర్ దక్షిణం నుంచి వందల కిలోమీటర్లు ఉత్తరానికి పాకింది. చీమల నడక లెక్క కడితే అది పది పదకొండు కిలోమీటర్లే వచ్చి ఉండాలి! 1998లో ఈ లెక్క వచ్చినప్పుడు అందరూ తలలు పట్టుకున్నారు. అయిదేళ్ల తర్వాత ట్రిలియం విషయంలో ఒక జవాబు దొరికింది. జింకలు ఆ మొక్కల్ని కాయలతో సహా మేస్తాయి, వాటి పేడలో గింజలు బతికే ఉంటాయి, జింక ఒక్క రోజులో కిలోమీటర్లు తిరుగుతుంది. రోజువారీ పని చీమది, అప్పుడప్పుడూ జరిగే దూరప్రయాణం జింకది. అయినా ఒకప్పుడు దున్ని పొలం చేసి, తర్వాత వదిలేస్తే మళ్లీ చెట్లు పెరిగిన చోట్ల ఈ పూలు తిరిగి రావడానికి చాలా చాలా ఏళ్లు పడుతోంది. చెట్లు గాలితో, పక్షులతో వచ్చేస్తాయి. చీమ మోసే మొక్క మీటరు మీటరే రావాలి.

మన వైపు ఎలా ఉందంటారా? ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవులు వేరే తీరు. టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ. మద్ది కాయకు రెక్కలు, మోదుగ కాయ తేలిక, అవి గాలి చూసుకుంటుంది. తునికి పండ్లు ఎలుగుబంటి, ఇప్ప పండ్లు గబ్బిలాలు, పక్షులు. చీమల వాటా చెట్లలో కాదు, చెట్ల కింద చూడాలి.

తొలకరి పడ్డాక పాకాల చుట్టుపక్కల పలచటి అడవిలో, చెలకల గట్ల మీద, గడ్డిలో జానెడు ఎత్తున ఒక మొక్క లేస్తుంది. ఐదు రేకుల్లో ఒక్కటే పెద్దది, గులాబీ కలిసిన ఊదా రంగు, మిగతావి ఉన్నా లేనట్టే. అది రత్నపురుష. మందుమొక్కగా దాన్ని ఎరిగినవాళ్లు చాలామంది. అది అమెరికా వయొలెట్లకు దగ్గరి చుట్టమని, ఒకే కుటుంబమని ఎరిగినవాళ్లు తక్కువ. కాయ మూడు చెక్కలుగా విచ్చుకొని, ఆరేకొద్దీ చెక్కలు ముడుచుకుంటూ గింజల్ని నొక్కి బయటికి చిమ్ముతుంది. ఆవగింజంత కూడా లేని ఆ గింజ కొసన చిన్న తెల్లటి కండ ఉంటుంది. ఇది చిన్న గింజ కాబట్టి ఆముదాన్ని కదపలేని చీమలు కూడా దీన్ని సులువుగా ఎత్తుకెళతాయి. మీ అమ్మాయి పాఠంలోని కథకు మన అడవిలో అచ్చమైన జోడీ కావాలంటే నేను ఈ మొక్కనే చూపిస్తాను.

ఆముదం కుటుంబంలోనే రోడ్ల పక్కన పెరిగే సీమనేపాళం ఉంది, లేత ఆకులు ఎర్రగా ఉండేది. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. దాని గింజకూ బొడిపె ఉంటుంది. బ్రెజిల్‌లో కాటింగా అనే ముళ్ల పొదల ఎండు అడవుల్లో చీమలు మోసే మొక్కల్లో ఈ కుటుంబానిదే పెద్ద వాటా. ఏటూరునాగారం వైపు తేమ ఉన్న చోట్ల వానాకాలంలో కనిపించే అడవి పసుపు గింజను చుట్టుకొని తెల్లటి చీలికల పొర ఉంటుంది. అల్లం, పసుపు కుటుంబంలో కొన్ని మొక్కలకు ఈ పొరే చీమలకు ఎర. అడవికి వెళ్లే వీలు లేకపోతే, ఊళ్లో ఇళ్ల ముందు పెంచే పసుపు పూల టర్నెరా చాలు. పొద్దున విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకునేది. దాని ఆకు మొదట్లో తేనె ఊరే రెండు చిన్న గ్రంథులుంటాయి, అక్కడికి చీమలు రోజూ వస్తాయి. గింజకు కూడా కండ కట్టి ఉంటుంది, అదే చీమలు దాన్ని మోస్తాయి. ఒకసారి నాటితే అరుగుల పగుళ్లలో, మెట్ల సందుల్లో పిల్లలు లేవడం దీనివల్లే.

మన ఎండు అడవుల విషయంలో ఒక మాట. మార్చి, ఏప్రిల్‌లో అడవికి అగ్గి పడుతుంది. కొంత ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చడం వల్ల, కొంత బీడీ ముక్క వల్ల. నేల మీద ఆకుల్లో పడి ఉన్న గింజ మాడిపోతుంది. రెండు మూడు అంగుళాల లోతున ఉన్న గింజకు ఆ సెగ పెద్దగా తగలదు. దక్షిణాఫ్రికా కొసన ఫిన్‌బాస్ అనే పొదల అడవిలో ఈ సంగతి స్పష్టంగా తేలింది. అక్కడ వెయ్యికి పైగా రకాల మొక్కలు చీమల మీద ఆధారపడ్డాయి, నిప్పు వచ్చి వెళ్లాకే చాలావాటి గింజలు మొలకెత్తుతాయి. 1984లో బాండ్, స్లింగ్స్‌బీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూసిందేమిటంటే, బయటినుంచి వచ్చిన అర్జెంటీనా చీమ స్థానిక చీమలను తరిమేసిన చోట గింజలు మట్టి కిందికి చేరడం లేదు. కొత్త చీమ నెమ్మదిగా, కొద్ది దూరమే లాగుతుంది, పైన్నే వదిలేస్తుంది, ఎలుకలు తినేస్తాయి. నిప్పు తర్వాత ఆ చోట్ల మొలకలు బాగా తగ్గిపోయాయి. ఒక చీమ పోయి ఇంకో చీమ వస్తే ఏముందిలే అనుకునేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

మీ అమ్మాయితో ఇంట్లోనే ఒక పరీక్ష చేయించవచ్చు. సైన్స్ ఫెయిర్‌కు కూడా పనికొస్తుంది. ఒక చదునైన బండ మీద బొడిపె ఉన్న ఆముదం గింజలు కొన్ని, బొడిపె గీకేసినవి అన్నే, పక్కన సజ్జలు అన్నే పెట్టండి. పైన కూరగాయల జాలీ బుట్ట బోర్లించండి. ఉడతలు, పక్షులు రాకుండా ఉండాలి, గింజ పట్టుకున్న చీమ మాత్రం దాటాలి, కాబట్టి బుట్ట కన్నాలు గింజ కన్నా పెద్దవిగా ఉండాలి. ఎండవేళ వద్దు. గండుచీమలు పొద్దుగూకే వేళ నుంచి ఎక్కువ తిరుగుతాయి, అప్పుడు పెట్టండి, టార్చ్ వేసి చూడండి. గింజల మీద నెయిల్ పాలిష్‌తో గుర్తులు పెట్టొద్దు, ఆ వాసనకు చీమ దగ్గరికే రాదు. సాధారణంగా బొడిపె ఉన్నవి ముందు పోతాయి, గీకినవి ఉండిపోతాయి. సజ్జలు పోయాయంటే అది ధాన్యం చీమల పని, దాన్ని వేరుగా రాసుకోమనండి. తర్వాత రోజుల్లో కన్నం దగ్గర చెత్తను పుల్లతో కదిపి చూడండి. బొడిపె లేని పూర్తి గింజలు దొరికితే వాటిని, మామూలు గింజలను రెండు కుండీల్లో వేసి మొలకలు పోల్చండి. తేడా పెద్దగా లేకపోయినా ఆశ్చర్యం లేదు. ఆ బొడిపెకు గింజ నీళ్లు పీల్చుకోవడంలోనూ కొంత పాత్ర ఉంది కాబట్టి అది ఊడిపోవడం ప్రతిసారీ లాభమే కాకపోవచ్చు. గూటి మట్టి సారవంతంగా ఉంటుందన్నది కూడా కొన్ని చోట్ల నిజం, కొన్ని చోట్ల కాదు. పుస్తకాల్లో రాసినంత చక్కగా ప్రతిచోటా కుదరదు.

చీమల మందు గురించి. మనం ఏ పొడినైనా గమాక్సిన్ అనే అంటాం గానీ, ఆ పేరుతో వచ్చిన అసలు మందు బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఇప్పుడు కిరాణా కొట్లో ఆ పేరు చెప్పి ఇచ్చేది ఏమిటో ప్యాకెట్ మీద చదివి గానీ కొనకండి. గోడ కింద గండుచీమలతో మీకు వచ్చే నష్టం ఏమీ లేదు. వంటింట్లోకి వస్తే ఆ కన్నం సిమెంటుతో పూడ్చండి, తీపి డబ్బాలు మూత పెట్టండి, చాలు.

టెన్షన్ పడాల్సింది చీమల గురించి కాదు, ఆ ఆముదం మొక్కల గురించి. చిన్నపిల్లలు ఆడుకునే పెరడైతే కాయ కట్టకముందే పీకేయండి. వేరు లోతుకు పోకముందు, నాలుగైదు ఆకులప్పుడు సులువుగా వస్తాయి. ఆముదం నూనెలో రిసిన్ ఉండదు, గింజలో, నూనె తీసిన పిండిలో ఉంటుంది. ఆ పిండిని ఎరువుగా వేసినప్పుడు కుక్కలు, మేకలు నాకకుండా మట్టి కప్పాలి. గింజను మింగితే అది పెంకుతోనే బయటికి పోవచ్చు, నమిలితేనే ప్రమాదం, లక్షణాలు కనిపించడానికి గంటలు పట్టవచ్చు. పిల్లలెవరైనా నమిలారని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా చూస్తూ కూర్చోకుండా, మిగిలిన గింజ ఒకటి పట్టుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.